తాళం ఎక్కడ వేయాలి? యాక్షన్ రోల్‌ప్లేయింగ్ ఆటలూ, లెవెల్ ఎడిటర్ల చిక్కుముడీ

2007 ప్రాంతంలో మా ఇంజినీరింగ్ హాస్టల్లో అంతస్తు మొత్తానికి ఒకటే నెట్‌వర్క్ స్విచ్ ఉండేది. రాత్రి మెస్ అయ్యాక దానికి వైర్లు తగిలించుకుని అందరం తెరిచేది వార్‌క్రాఫ్ట్ త్రీ. అయినా మాలో వార్‌క్రాఫ్ట్ ఆడేవాడు ఒక్కడూ లేడు. ఆ ఆటలో కథేమిటో కూడా చాలామందికి తెలియదు. మేం ఆడింది డోటా. ఆటతోపాటు కంపెనీ ఇచ్చిన వరల్డ్ ఎడిటర్ పట్టుకుని ఎవరో ఆటగాళ్లు కట్టిన మ్యాపు అది. మొత్తం కలిపితే కొన్ని ఎంబీల ఫైలు. కొత్త వెర్షన్ వచ్చిందంటే ఒకడు నెట్ సెంటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చేవాడు, గదిగదికీ తిరిగి కాపీ చేసేవాళ్లం. పాత వెర్షన్‌తో ఎవడైనా లాబీలోకి వచ్చాడా, ఫైలు నత్తనడకన దిగుతుంటే మిగతా తొమ్మిదిమందీ వాడి మీద అరిచేవాళ్లు.

డోటా అయిపోయాక అర్ధరాత్రి దాటి మేం ఇద్దరం ముగ్గురం డయాబ్లో టూ ఆడేవాళ్లం. ఒక రాత్రి నా రూమ్మేట్ అడిగాడు: "రెండూ ఒకే కంపెనీవి కదరా. దానికి ఎడిటర్ ఇచ్చారు, దీనికెందుకివ్వలేదు?"

మంచి ప్రశ్న. ఆ కంపెనీ పేరు బ్లిజార్డ్. 1998లో దాని స్టార్‌క్రాఫ్ట్ ఎడిటర్‌తోనే వచ్చింది. 2002లో వార్‌క్రాఫ్ట్ త్రీ ఇంకా పెద్ద ఎడిటర్‌తో వచ్చింది. 1996 చివర్లో వచ్చిన డయాబ్లోకీ, 2000లో వచ్చిన డయాబ్లో టూకీ మాత్రం అలాంటిదేమీ లేదు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత డయాబ్లో లాంటి యాక్షన్ రోల్‌ప్లేయింగ్ ఆటలు చాలా ఆడాను, రెండు మూడింటి ఎడిటర్లలో నెలల తరబడి కూర్చున్నాను. ఇప్పుడు చెప్పగలననుకుంటున్నాను.

ఈ ఆటలు తెలియనివారికి ఒక్క మాట. పై కోణం నుంచి కనిపించే ఒక వీరుడు, చుట్టూ గుంపులుగా రాక్షసులు. నరుక్కుంటూ పోవాలి, కింద రాలిన కత్తీ డాలూ ఉంగరమూ ఏరుకోవాలి, వాటితో బలం పెంచుకుని ఇంకా పెద్ద రాక్షసుల మీదికి పోవాలి. ఆ రాలేదాన్ని ఆటగాళ్లు లూట్ అంటారు. కథ, బొమ్మలు, సంగీతం అన్నీ ముఖ్యమే. కానీ మనిషిని తెల్లవారుజాము దాకా కూర్చోబెట్టేది లూటే.

లెవెల్ అంటే ఏది?

ఎడిటర్ కావాలి, వద్దు అని వాదించుకునే ముందు ఈ ఆటల్లో లెవెల్ అంటే ఏమిటో చూడాలి. చిక్కు అక్కడే మొదలవుతుంది.

వార్‌క్రాఫ్ట్‌లో మ్యాపు అంటే మ్యాపే. ఎన్నిసార్లు తెరిచినా చెట్టు ఉన్నచోటే చెట్టు ఉంటుంది. డయాబ్లోలో అలా కాదు. కొత్త ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ నేలమాళిగ కొత్తగా అమరుతుంది. నిన్న ఎడమవైపు ఉన్న మెట్లు ఇవాళ కుడివైపు ఉంటాయి. ఇది మన చుక్కల ముగ్గు లాంటిది. వరసకు ఎన్ని చుక్కలు, గీత ఏ చుక్కను చుట్టి రావాలి అనే నియమం ఒకటే, కానీ వాకిట్లో రోజుకో ముగ్గు పడుతుంది. డయాబ్లో తయారీదారులు ఆటగాడి ముందు ముగ్గు పెట్టలేదు, ముగ్గు వేసే చేతిని పెట్టారు. ఇక ఎడిటర్‌లో దిద్దేది దేన్ని? గదినా, గదులను కలిపే నియమాన్నా?

దీనికి ఒక జవాబు టార్చ్‌లైట్ చూపించింది. డయాబ్లో టూ చేసినవాళ్లలో కొందరు తర్వాత రూనిక్ గేమ్స్ పెట్టి 2009లో టార్చ్‌లైట్, 2012లో టార్చ్‌లైట్ టూ తెచ్చారు. రెండింటికీ ఎడిటర్లు ఇచ్చారు. రెండోదాని ఎడిటర్ 2013లో వచ్చింది, పేరు గట్స్. అందులో లెవెల్ మొత్తాన్ని కట్టక్కర్లేదు. ముక్కలు కట్టాలి: ఒక మలుపు, ఒక గది, ఒక వంతెన. ఏ ముక్క పక్కన ఏది రావచ్చో నియమం రాయాలి. అతికే పని ఆట చూసుకుంటుంది. మొదటిసారి ఆ ఎడిటర్ తెరిచినప్పుడు నాకు చాలా సంగతులు అర్థమయ్యాయి. ఆటలో "ఇది ఇంతకుముందు చూసినట్టుందే" అనిపించే మూలలు ఎందుకు తగులుతాయో, ఒక్కోసారి పెద్ద దారి పోయి పోయి ఉత్త గోడకు ఎందుకు ఆగిపోతుందో అక్కడ కళ్లారా చూశాను.

2006లో వచ్చిన టైటన్ క్వెస్ట్ రెండో దారి పట్టింది. గ్రీసు, ఈజిప్టు, తూర్పు దేశాలు, ప్రతి కొండా ప్రతి తోటా చేత్తో పేర్చినవే. అలాంటప్పుడు ఎడిటర్ అంటే మనకు తెలిసిన ఎడిటరే: నేల ఎత్తు పెంచు, నీళ్లు పొయ్యి, చెట్టు నాటు. ఐరన్ లోర్ అనే స్టూడియో ఆటతోపాటే దాన్నీ ఇచ్చింది. నా మొదటి మ్యాపు కట్టింది దాంట్లోనే.

ఒక చెరువు కట్ట

మా ఊరి చెరువును కట్టాలనుకున్నాను. ఇటు తూము, అటు గుడి, మధ్యలో పొడుగ్గా కట్ట. గుడికి బదులు గ్రీకు మందిరం పెట్టుకోవాల్సి వచ్చింది, తాటిచెట్లు మాత్రం ఈజిప్టు సామగ్రిలో దొరికాయి. నేలను పైకి లేపి కట్ట పోశాను. ఆ ఎడిటర్‌లో రాక్షసులను ఒక్కొక్కటిగా నిలబెట్టరు. ప్రాక్సీ అనే గుర్తు ఒకటి పాతుతారు. ఏయే రాక్షసులు, ఏ పాళ్లలో, ఎన్నెన్ని పుట్టాలో దానికి జతచేసిన పట్టికలో ఉంటుంది. కట్ట పొడవునా అలాంటివి ఏడెనిమిది పాతాను. ఎక్కడ నడవచ్చో ఎక్కడ నడవకూడదో ఆటకు తెలిసేలా దారుల లెక్క మళ్లీ కట్టించి, ఆట నడిపాను.

ఆడితే పసలేదు. కట్ట మీద మనిషి వెడల్పు దారి కావడంతో రాక్షసులు చీమల బారులా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చివర నిలబడి అన్నిటినీ ఒకే దెబ్బతో పడగొట్టొచ్చు. వెనక నుంచి వచ్చేది లేదు, చుట్టుముట్టేది లేదు. పైగా మందిరం కెమెరా వైపున పెట్టాను. ఈ ఆటలో కెమెరా తిరగదు, కాబట్టి వీరుడు గోడ వెనక్కి వెళ్లగానే కనపడకుండా పోయాడు. ఆడేటప్పుడు ఈ రెండు సంగతులూ ఒక్కసారి కూడా నా కంట పడలేదు. కట్టినప్పుడు మొదటి గంటలోనే పడ్డాయి. మంచి ఆటల్లో ఎత్తైన కట్టడాలన్నీ తెర పైభాగానే ఎందుకుంటాయో, ఇరుకు వంతెన దాటగానే విశాలమైన ఆవరణ ఎందుకు తగులుతుందో అప్పుడు తెలిసింది. కట్టకు మధ్యలో గండి కొట్టాను, గండికి ఇవతల దిబ్బ పోశాను, అలుగు వైపు నుంచి రెండో దారి తెరిచాను. మూడు వారాల పని. ఆడటానికి నాలుగైదు నిమిషాలు.

నా రూమ్మేట్‌ని కూర్చోబెట్టి ఆడించాను. చెరువును వాడు చూడలేదు, గండినీ గమనించలేదు. మందిరంలో పెట్టె పగలగొట్టి, "ఏం పడిందిరా?" అన్నాడు. పెట్టె పట్టిక నేనే దిద్దాను కనక మంచి కత్తే పడింది. వాడి రెండో ప్రశ్న: "దీన్ని నా అసలు క్యారెక్టర్‌కి ఇచ్చుకోవచ్చా?"

కుదరదన్నాను. టైటన్ క్వెస్ట్‌లో అసలు కథ ఆడే క్యారెక్టర్లు వేరు, బయటివాళ్ల మ్యాపులు ఆడే క్యారెక్టర్లు వేరు. రెండింటినీ వేరువేరు ఫోల్డర్లలో దాచుకుంటుంది. వాడు లేచి వెళ్లిపోయాడు.

ఈ జాతి ఆటల్లో ఎడిటర్ సమస్య మొత్తం ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

కత్తి బయటికి రానిస్తే

సరే, రానిచ్చారనుకుందాం. ఆటగాళ్లు కట్టిన లెవెల్‌లో సంపాదించిన బలమూ సొమ్మూ అసలు ఆటలో చెల్లుతాయి. ఏమవుతుంది? ఊహించనక్కర్లేదు, జరిగింది. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ ఆట 2009 ఏప్రిల్‌లో మిషన్ ఆర్కిటెక్ట్ అనే సదుపాయం తెచ్చింది. కథ రాసుకోవచ్చు, శత్రువులను తయారుచేసుకోవచ్చు, అందరితో పంచుకోవచ్చు. ఆడినవారికి మామూలు మిషన్లలాగే బలమూ పెరుగుతుంది. ఎంతో ఉదారమైన ఆలోచన. కథలు రాసినవారు ఉన్నారు, బాగా రాసినవారూ ఉన్నారు. కానీ వాటిని ముంచెత్తేటన్ని ఫార్మింగ్ మిషన్లు వచ్చిపడ్డాయి. తిరిగి కొట్టలేని శత్రువులను గుంపులుగా నింపి, గంటల్లో క్యారెక్టర్‌ను పైదాకా లేపడానికి కట్టినవి. కంపెనీ హెచ్చరికలు చేయాల్సి వచ్చింది, నియమాలు బిగించాల్సి వచ్చింది. ఒక కంత మూస్తే పక్కన ఇంకోటి తెరుచుకుంది.

ఆటగాళ్లు చెడ్డవాళ్లని కాదు. బావిలో నీళ్లు, పక్కన చేద ఉంటే మనిషి తోడుకుంటాడు. కష్టపడి నెలరోజుల్లో చేరే చోటికి ఒక పూటలో చేరే దారి ఆటే చూపిస్తే ఎవరైనా ఆ దారే పడతారు. నష్టపోయింది కథలు రాసినవాళ్లు. వాళ్ల పని ఆ గుట్టల అడుగున పడి కనిపించకుండా పోయింది.

2013లో వచ్చిన నెవర్‌వింటర్ అనే ఆన్‌లైన్ ఆటలోనూ ఫౌండ్రీ పేరుతో ఇలాంటి పనిముట్టు ఉండేది. 2019 ఏప్రిల్‌లో దాన్ని మూసేశారు. దాన్ని కట్టిన డెవలపర్లు వేరే పనుల్లోకి వెళ్లిపోయారని, దాన్ని నిలబెట్టే సాంకేతిక జ్ఞానం చాలావరకు తమ దగ్గర మిగల్లేదని కంపెనీ చెప్పుకుంది. ఆటగాళ్లు రాసిన కథలన్నీ సర్వర్లోనే ఉన్నాయి, సర్వర్‌తోపాటు పోయాయి. ఎడిటర్ ఇవ్వకపోవడం కన్నా, ఇచ్చి, జనం చేత ఆరేళ్లు కట్టించి, ఆ కట్టినదాన్ని వాళ్ల చేతికి ఇవ్వకుండా తీసేయడం నాకు ఎక్కువ బాధ కలిగించే సంగతి.

గోడ కడితే

రెండో దారి గోడ కట్టడం. దీని చరిత్ర ఈ జాతి ఆటల ఎడిటర్ల కన్నా పాతదే. మొదటి డయాబ్లోలో క్యారెక్టర్ ఆటగాడి సొంత కంప్యూటర్లో ఉండేది. ఆ ఫైలు దిద్దుకుని ఆన్‌లైన్‌లోకి రావచ్చు. వచ్చారు, ఒకే కత్తిని పది కత్తులు చేసుకున్నారు, అక్కడ ఎవరి దగ్గరున్న వస్తువునూ నమ్మే వీలు లేకుండా పోయింది. ఆ పాఠం నేర్చుకుని డయాబ్లో టూలో క్యారెక్టర్లను కంపెనీ సర్వర్లోనే ఉంచే పద్ధతి తెచ్చారు. అయితే పాత పద్ధతినీ తీసేయలేదు. ఇంట్లో ఒంటరిగా, లాన్‌లో, కంపెనీ ఆన్‌లైన్ సేవలో ఓపెన్ బ్యాటిల్‌నెట్ అనే భాగంలో మీ క్యారెక్టర్ మీ దగ్గరే ఉంటుంది. రెండు లోకాలు, మధ్యలో గోడ. అటు వస్తువు ఇటు రాదు.

అంటే నా రూమ్మేట్ అడిగిన ఎడిటర్‌కు కావలసిన చోటు 2000లోనే సిద్ధంగా ఉంది. కంపెనీ ఎడిటర్ ఇవ్వకపోయినా ఆటగాళ్లు ఆ చోటులోకి దూరారు. డయాబ్లో టూ లోపలి లెక్కలన్నీ మామూలు పట్టికల్లో ఉంటాయి. ఏ ప్రాంతంలో ఏ రాక్షసులు, ఏ రాక్షసుడి నుంచి ఏ నిధి, అన్నీ అడ్డం నిలువు గళ్లే. నిధుల పట్టికలో నోడ్రాప్ అనే గడి ఒకటి ఉంటుంది. అందులో అంకె పెంచితే చంపినా ఏమీ రాలని సార్లు పెరుగుతాయి, సున్నా చేస్తే చచ్చిన ప్రతి రాక్షసుడూ ఏదో ఒకటి రాలుస్తాడు. మొదటిసారి దాన్ని సున్నా చేసి ఆడిన సాయంత్రం నాకింకా గుర్తుంది. అరగంట పండగ. ఆ తర్వాత నేల మీద ఏం పడినా వంగి చూడబుద్ధి కాలేదు. దొరకకపోవడం కూడా ఈ ఆట కల్పనలో భాగమేనని ఆ ఒక్క గడి నాకు నేర్పింది.

నెవర్‌వింటర్ నైట్స్ 2002లో ఇదే గోడను ఇంకా తెలివిగా కట్టింది. అది పూర్తి యాక్షన్ ఆట కాదు, అయినా చెప్పుకోవాలి. దానితో వచ్చిన అరోరా టూల్‌సెట్‌తో ఎవరైనా లోకం కట్టి, తమ కంప్యూటర్‌నే సర్వర్‌గా పెట్టుకోవచ్చు. వచ్చే ఆటగాళ్లు సొంత క్యారెక్టర్‌తో రావచ్చా, ఈ సర్వర్లో పుట్టిన క్యారెక్టర్‌తోనే ఆడాలా అన్నది ఆ సర్వర్ నడిపేవారి ఇష్టం. ఒక పెద్ద గోడకు బదులు ఎవరి ప్రహరీ వాళ్లది. అలా నడిచిన చిన్న చిన్న లోకాల్లో ఏళ్ల తరబడి జనం కాపురం చేశారు. టార్చ్‌లైట్ టూ దారి ఇంకా సూటిది: మోడ్, అంటే ఆటగాళ్లు ఆటకు చేసిన మార్పుల మూట, తగిలించి ఆడిన క్యారెక్టర్ మోడ్ల ఫోల్డర్‌లో ఉంటుంది, తిరిగి అసలు ఫోల్డర్‌లోకి రాదు.

గోడ పనిచేస్తుంది, కాదనలేం. కానీ దాని ఖరీదేమిటో మా గదిలో చూశాను. కత్తి బయటికి రాదనగానే రూమ్మేట్ లేచిపోయాడు. లూట్ కోసం ఆడే ఆటలో, లూట్ చెల్లని లెవెల్‌ను రెండోసారి ఎవరు ఆడతారు? డూమ్ లాంటి తుపాకీ ఆటలో ఒక్క మంచి మ్యాపు చాలు, దాన్ని ఆడటమే దాని ఫలం. ఇక్కడ ఫలం వేరే చోట ఉంది. ఒంటరి మ్యాపులు ఈ జాతి ఆటల్లో బతక్కపోవడానికి కారణం కట్టినవాళ్ల ప్రతిభ తక్కువై కాదు. చేతికొచ్చింది దాచుకునే చోటు లేదు, అంతే.

మరి ఏవి బతికాయి?

డయాబ్లో టూకి మీడియన్ ఎక్స్‌ఎల్ ఉంది. టైటన్ క్వెస్ట్‌కు సోల్‌విజియర్ ఉంది. టార్చ్‌లైట్ టూకి సినర్జీస్ ఉంది. ఏళ్లు గడిచినా జనం ఆడుతున్న మోడ్లు ఇవి. వీటిలో ఏ ఒక్కటీ కేవలం కొత్త మ్యాపు కాదు. విద్యలు మారాయి, రాక్షసులు మారారు, వస్తువులు వందల కొద్దీ కొత్తగా పుట్టాయి, బాస్‌లు కఠినమయ్యారు. ఆడాలంటే కొత్త క్యారెక్టర్‌తో మొదటి మెట్టు నుంచీ ఎక్కాలి. అక్కడ సంపాదించింది అక్కడే ఖర్చవుతుంది, ఖర్చు పెట్టడానికి అక్కడే వంద గంటల ఆట ఉంది. గోడకు ఇవతల ఒక గది కట్టకుండా ఊరు కట్టారు. ఊరు ఉన్నాక గోడ అడ్డంగా అనిపించదు.

అందుకే లెవెల్ ఎడిటర్ అనే మాటే ఇక్కడ దారి తప్పిస్తుందని నా అభిప్రాయం. ఈ ఆటల్లో స్థలాన్ని దిద్దే పనిముట్టు ఒక్కటే ఇస్తే, ఖాళీ ఇళ్ల స్థలం ఇచ్చి నీళ్లూ కరెంటూ ఇవ్వనట్టే. నిధుల పట్టిక, విద్యల చెట్టు, రాక్షసుల లెక్క, సంఘటనలు నడిపే స్క్రిప్టు అన్నీ చేతికి రావాలి. 2002లో వచ్చిన డంజన్ సీజ్ ఇది చేసింది. కంపెనీ విడుదల చేసిన టూల్‌కిట్‌తో ఆటగాళ్ల బృందం ఒకటి 1988 నాటి అల్టిమా ఫైవ్ అనే ఆటను మొత్తంగా తిరిగి కట్టి, లాజరస్ పేరుతో 2005లో ఉచితంగా ఇచ్చింది. పగలూ రాత్రీ వేళలను బట్టి తిరిగే ఊరి జనంతో సహా. లూట్ ఏరుకునే ఆట లోపల అంత పెద్ద కథాలోకం పడుతుందని ఆ పనిముట్టు చేసినవాళ్లైనా అనుకుని ఉంటారా అని నాకు అనుమానం.

స్కైరిమ్ సంగతి వేరు. 2011లో ఆట, 2012 ఫిబ్రవరిలో క్రియేషన్ కిట్ వచ్చాయి. అది ఒంటరిగా ఆడే ఆట. పాడవడానికి ఉమ్మడి సంత లేదు కాబట్టి గోడే అక్కర్లేదు. ఎడిటర్ గురించి భయపడాల్సిన పనే లేనిచోట మోడ్లు ఎంతగా పెరుగుతాయో దాన్ని చూస్తే తెలుస్తుంది.

ఇంట్లో ఆడుకునే హక్కు

ఇక ఇప్పటి పరిస్థితి. 2012 మేలో వచ్చిన డయాబ్లో త్రీ కంప్యూటర్ వెర్షన్‌లో గోడకు ఒకవైపు లోకమే లేకుండా చేశారు. ఒంటరిగా ఆడినా సర్వర్‌కు కలిసే ఉండాలి. మొదటి రోజు లక్షల మంది, సర్వర్లు ఖాళీ లేవని చెప్పే ఎర్రర్ 37 చూస్తూ కూర్చున్నారు. మోడ్లు కుదరవని విడుదలకు ముందే చెప్పేశారు. కారణం తెలిసిందే: ఆ ఆటలో వస్తువులను నిజమైన డబ్బుకు అమ్ముకునే వేలం శాల పెట్టారు. కత్తికి డాలర్లలో ధర పలికేచోట కత్తులు పుట్టించే ఎడిటర్ ఉండటం కుదరని పని. ఆ వేలం శాలను 2014 మార్చిలో మూసేశారు. సర్వర్ కట్టు మాత్రం పోలేదు. అదే ఆట 2013లో కన్సోళ్ల మీద ఆఫ్‌లైన్‌లో చక్కగా ఆడుకునేలా వచ్చిందంటే, సాంకేతికంగా సాధ్యం కాక కాదన్నమాట. 2023లో వచ్చిన డయాబ్లో ఫోర్ కూడా సర్వర్ ఆటే.

పాత్ ఆఫ్ ఎక్సైల్ విషయంలో నాకు ఇంత కోపం లేదు. న్యూజిలాండ్ స్టూడియో అది. 2013 నుంచీ ఉచితంగా ఆడిస్తూ, కొన్ని నెలలకోసారి కొత్త లీగ్ పెట్టి అందరినీ మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబెడుతుంది. ఆటగాళ్ల మధ్య అమ్మకాలూ కొనుగోళ్లే ఆ ఆటకు ప్రాణం. అక్కడ ఎడిటర్ పెట్టమనడం సంతలో నోట్లు అచ్చేసుకోనివ్వమనడమే. కానీ వాళ్లు ఒక మధ్యేమార్గం చూపారు. ఆటగాడు తన స్థావరాన్ని ఇష్టమొచ్చినట్టు అలంకరించుకోవచ్చు, ఆ అమరికను ఫైలుగా ఇతరులకు ఇవ్వొచ్చు. స్థావరంలో రాక్షసులు లేరు, లూట్ లేదు, కనక భయమూ లేదు. కొందరు అందులో కట్టిన తోటలూ ఓడలూ చూస్తే ఎడిటర్ ఆకలి ఎంత ఉందో తెలుస్తుంది. 2018లో వచ్చిన ఇన్‌కర్షన్ లీగ్‌లో ఒక పురాతన గుడిలోని గదులను మార్చే, కలిపే అవకాశం ఆటలో భాగంగానే ఇచ్చారు. ఏ గది ఉంటే ఏ ప్రమాదం, ఏ బహుమతి అన్నది వాళ్లు ముందే తూచి పెట్టారు. ఆటగాడు తూకం మార్చలేడు, అమరిక మారుస్తాడు. ఎడిటర్‌కు ఇది బదులు కాదు గానీ, సర్వర్ ఆటలు చేయగలిగిన మంచి పని ఇదే.

కాబట్టి ఎడిటర్ ఇవ్వాలా వద్దా అని ఎవరైనా అడిగితే, ముందు ఆ ఆట ఇంట్లో ఒంటరిగా ఆడుకోనిస్తుందా అని అడగాలంటాను. ఆఫ్‌లైన్ లోకం ఉంటే ఎడిటర్ ఇవ్వకపోవడానికి ఆర్థిక కారణం తప్ప ఇంకేదీ మిగలదు.

ఆ ఆర్థిక కారణం చిన్నదేం కాదు. స్టూడియోలో వాడే పనిముట్టు బయటికి ఇచ్చే స్థితిలో ఉండదు. తప్పు గడిలో తప్పు అంకె వేస్తే కూలిపోతుంది, ఎందుకు కూలిందో పక్క కుర్చీలో ఉన్నాయన చెప్తాడు. మన పక్కన ఆ కుర్చీ లేదు. బయటి కంపెనీల దగ్గర లైసెన్స్‌కు తీసుకున్న భాగాలు లోపల ఉంటే వాటిని పంచే హక్కు స్టూడియోకు ఉండకపోవచ్చు. సహాయ పత్రాలు రాయాలి, ప్రతి అప్‌డేట్‌కూ మోడ్లు విరగకుండా చూడాలి. చిన్న స్టూడియోకు ఇది ఇద్దరు ముగ్గురు మనుషుల ఏడాది పని. నిజాయితీగా "మా వల్ల కాదు" అనే స్టూడియోను నేను తప్పుపట్టను. కానీ పట్టికలను తాళం వేయకుండా వదిలేయడానికి ఖర్చేమీ లేదు, అదైనా చేయొచ్చు. ఎలాగూ జనం తవ్వుకుంటారు. బాల్డర్స్ గేట్ త్రీ అనే రోల్‌ప్లేయింగ్ ఆటకు 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన టూల్‌కిట్‌లో లెవెల్ ఎడిటర్ భాగాన్ని మూసి ఉంచితే, మోడర్లు కొద్ది రోజుల్లోనే దాన్ని తెరిచేశారు.

కట్టినది ఎవరిది అన్న గొడవ కూడా ఉంది. డోటా వార్‌క్రాఫ్ట్ ఎడిటర్‌లో పుట్టింది, వాల్వ్ అనే వేరే కంపెనీ దగ్గర డోటా టూ అయింది. 2021లో దాని ప్రపంచ పోటీ బహుమతి మొత్తం 4 కోట్ల డాలర్లు దాటింది. పేరు గురించి బ్లిజార్డ్, వాల్వ్ తగువులాడి 2012లో రాజీ పడ్డాయి. ఆ అనుభవంతో కావచ్చు, 2020లో వార్‌క్రాఫ్ట్ త్రీ రీఫోర్జ్‌డ్ వచ్చేసరికి, మా ఎడిటర్‌తో మీరు ఏం కట్టినా అది మాదే అనే షరతు పెట్టారు. స్కైరిమ్ మోడ్లను అమ్ముకునే పద్ధతి 2015 ఏప్రిల్‌లో మొదలై కొద్ది రోజుల్లోనే ఆటగాళ్ల ఆగ్రహానికి ఆగిపోయింది. అందులో కట్టినవాడి వాటా పాతిక శాతం. నా దృష్టిలో రెండూ తప్పే. పనిముట్టు నీదైనా, దానితో చేసిన వస్తువు చేసినవాడిది. కమ్మరి కొడవలి చేసి ఇచ్చాడని పంటంతా తనదే అనడు కదా.

స్టూడియోలు పోయాక

ఐరన్ లోర్ 2008లో మూతపడింది. రూనిక్ గేమ్స్ 2017 నవంబర్‌లో మూతపడింది. టైటన్ క్వెస్ట్, టార్చ్‌లైట్ టూ మాత్రం ఇవాళ్టికీ ఇన్‌స్టాల్ అవుతాయి, సర్వర్ అడగవు, కొత్త మోడ్లు తగిలించుకుంటాయి. కట్టినవాళ్లు వెళ్లిపోయినా ఊరికి దీపం పెట్టేవాళ్లున్నారు. సర్వర్ ఆటలకు ఈ రెండో జన్మ అంత సులువుగా దొరకదు. సిటీ ఆఫ్ హీరోస్ 2012 నవంబర్‌లో ఆగిన రోజున అందులో ఆటగాళ్లు రాసిన కథలు కూడా ఆగాయి.

ఐరన్ లోర్ నుంచి బయటికొచ్చినవాళ్లు కొందరు క్రేట్ ఎంటర్‌టైన్‌మెంట్ అని పెట్టి, టైటన్ క్వెస్ట్ ఇంజిన్‌నే పట్టుకుని 2016లో గ్రిమ్ డాన్ తెచ్చారు. ఎడిటర్ కూడా ఇచ్చారు. ఆట ఫోల్డర్ తెరిస్తే పక్కనే ఉంటుంది. నేను చెరువు కట్ట పోసిన ఎడిటర్‌కు అది వారసురాలు, ప్రాక్సీలు ఇప్పటికీ ప్రాక్సీలే. గోడా అలాగే ఉంది: కస్టమ్ ఆట క్యారెక్టర్లు వేరు, అసలు కథ క్యారెక్టర్లు వేరు.

ఆ ఎడిటర్‌తో కొందరు ఆటగాళ్లు రెయిన్ ఆఫ్ టెర్రర్ అనే మోడ్ కట్టారు. డయాబ్లో టూ ప్రపంచాన్ని, అందులోని వీరులను, వాళ్ల విద్యలను, రాక్షసులను గ్రిమ్ డాన్ లోపల మళ్లీ నిలబెట్టారు. మొన్న సంక్రాంతి సెలవుల్లో నా పాత రూమ్మేట్‌కు ఫోన్ చేసి అది ఇన్‌స్టాల్ చేయించాను. వాడు ఒక దేశంలో, నేను ఒక దేశంలో. పాత శిబిరం, చుట్టూ కర్రల కంచె. గేటు దాటి బయటికి నడిచాం, మొదటి గుంపును నరికాం. ఏదో కత్తి పడింది. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "ఆ చెరువు మ్యాపు ఫైలు ఉందా నీ దగ్గర?"